మావయ్య వేసిన ఓటు

కోచింగుకి విశాఖ బయల్దేరుతూ సింధూరి బ్యాగులో అడుగున పుస్తకాలు పెట్టింది. పైన నేత చీర పెట్టింది. మళ్ళీ చీర తీసి అక్క యమున ఒళ్ళో పడేసింది.

"ఇదేటే? నీకిష్టమైన సీర కదా!"

"నువ్వే కట్టుకో. పెళ్ళికూతురివి నువ్వేనట కదా."

"నన్నెవరడిగారే తల్లీ? ముందు హాల్లో వాళ్ళనడుగు!"

హాల్లో టీవీలో రాష్ట్రపతి ఎన్నిక నడుస్తోంది. ఎమ్మెల్యేలు వరసలో నిలబడ్డారు. నాన్న నగరేశ్వరరావు ఎదురుగా జగన్నాధం కాఫీ తాగుతున్నాడు. ఆయన, సింధూరితో కాలేజీలో చదివిన ఉపేంద్రకి మేనమామ. తండ్రి లేని ఉపేంద్రని పెంచి, గరివిడిలో కొట్టు పెట్టించింది ఆయనే. పొద్దున్నే తాంబూలంతో వీళ్ళ ఊరు పొందూరు వచ్చి, తన మేనల్లుడికి యమునని అడిగాడు.

సింధూరికి అంతుపట్టనిది అదే. ఉపేంద్ర ఏడాదిగా గొడవపడుతున్నది తనతో కదా!

ఆ గొడవ కాలేజీ డిబేట్‌లో మొదలైంది.

"రాష్ట్రపతిని మనమే ఎందుకు ఎన్నుకోకూడదు?" అంది సింధూరి మైకులో. "మన తరఫున ఇంకొకళ్ళు వెయ్యడమేటి?"

"దేశమంతా ఓట్లేస్తే ఆయన ప్రధానితో పోటీకి దిగుతాడు," అన్నాడు ఉపేంద్ర. "ఒక ఇంటికి రెండు పెత్తనాలా? అయినా వేసేది మనం ఎన్నుకున్నవాళ్ళే కదా."

"ఫలానావాళ్ళకే వెయ్యాలని పార్టీ విప్ లేదు, ఓటు రహస్యం. మధ్యవాళ్ళు మాట మార్చేస్తే?"

"మార్చరు. పెద్దవాళ్ళు."

కప్పు అతనికే వచ్చింది. కిందికి దిగుతూ సింధూరి వైపు ఒక్క చూపు చూశాడు. మెట్టు తప్పాడు.

ఇప్పుడు వీధిలో బైకు ఆగింది. ఉపేంద్ర వానలో తడిసి, నవ్వుతూ లోపలికొచ్చాడు.

"రైలుకి టైమవుతున్నాది కదా, స్టేషన్‌కి దింపుదామని..."

"కంగ్రాట్స్," అంది సింధూరి. "మా అక్క ఆ గదిలో ఉంది."

"అక్కేటి?"

"మీ మావయ్యనడుగు."

అతని నవ్వు ఆరిపోయింది. "మావా! నేను సెప్పింది సింధూరి పేరు కదా!"

జగన్నాధం తొణకలేదు. "సెప్పావురా. కానీ పెద్దపిల్లుండగా సిన్నపిల్లని అడగడం మర్యాదేనా? దారంతా ఆలోచించాను. పేరు మోసుకెళ్ళి పడేయడానికైతే కొరియర్ వోడు సాలడా? నన్ను పంపావంటే నా బుర్ర వాడమనే కదా!"

ఉపేంద్ర తడిసిన తల గోక్కున్నాడు. డిబేట్‌లో పెద్దవాళ్ళు మాట మార్చరని వాదించే కప్పు తెచ్చుకున్నాడు మరి.

సింధూరికి కోపం పోయి కుతూహలం పుట్టింది. చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకుంది.

"ఇప్పుడేటి సేస్తావు?"

అతను నగరేశ్వరరావు వైపు తిరిగాడు. "అంకుల్, నేను..."

"అటు కాదు, ఇటు."

ఉపేంద్ర జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. గొంతు సవరించుకున్నాడు. "సింధూరీ, నువ్వంటే నాకిష్టం. నన్ను పెళ్ళి సేసుకుంటావా?"

గదిలోంచి యమున, "అమ్మయ్య! గండం గడిచింది," అంది.

నగరేశ్వరరావు నవ్వు ఆపుకోలేకపోయాడు. "నన్నడక్కండి. ఓటు దానిది."

"దేశానికి మధ్యవాళ్ళు కావాలో వద్దో నాకింకా తేలలేదు," అంది సింధూరి. "అది తరవాత ఆలోచిస్తాను. నాకు మాత్రం మధ్యవాళ్ళొద్దు. నిన్ను సేసుకుంటాను. కోచింగు అయ్యాక."

జగన్నాధం గ్లాసు కింద పెట్టాడు. "నోరిడిసి ఒక పిల్లనడిగాను. ఇంకో పిల్లని కోడలుగా తీసుకెళితే ఊళ్ళో నా మాటకి ఇలువేటిరా?"

"మావా, వాన పడతన్నాది. కూకో."

"పిల్ల రైలు తప్పిపోగల్దు. దింపిరా."

గొడుగు తీసుకుని ఆయన మెట్లు దిగాడు. అందరి బెంగా బ్యాగు సర్దుకున్న పిల్ల మీదే ఉంది. యమున ఆ చీరని తిరిగి బ్యాగులో కుక్కింది. నాన్న జిప్పు లాగాడు. ఉపేంద్ర బ్యాగు భుజానికెత్తుకున్నాడు.

విశాఖ వెళ్ళిన సింధూరి ప్రతి పండక్కీ వచ్చింది. పెళ్ళి పొందూరులోనే జరిగింది. ఉపేంద్ర మూడుసార్లు గరివిడిలో మావయ్య తలుపు తట్టి, తనే వెళ్ళి పిలిచాడు, మధ్యవాళ్ళని పంపలేదు.

జగన్నాధం రాలేదు. 2022 జూలై పద్దెనిమిది, సోమవారం పొద్దున వానలో వెళ్ళినవాడు, మళ్ళీ వాళ్ళ గడప తొక్కలేదు.