గురగురలాడే యాంప్లిఫయర్

నా స్పీకర్లకి సరిపడే యాంప్లిఫయర్ దొరకక చాలా రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను. నా పోరు పడలేక షాపాయన, "మీ గదిలో మీ చెవులతోనే విని తేల్చుకోండి సార్" అంటూ ఓ మధ్యాహ్నం రెండు యాంప్లిఫయర్లని వ్యాన్లో వేసుకుని మా ఇంటికే తెచ్చాడు.

పాటల గదంటే నాకు ప్రాణం. గోడలకి మెత్తటి పలకలు, కిటికీలకి మందపాటి తెరలు, తలుపు అంచుల చుట్టూ రబ్బరు పట్టీ. తలుపేస్తే పగలైనా చీకటే, లైటు వేసుకోవాల్సిందే. బయట పిడుగు పడినా లోపలికి వినపడదు. కావాలనే అలా కట్టించుకున్నాను.

మొన్నమొన్నటిదాకా ఈ ఇంట్లో మా అక్క, నేను ఉండేవాళ్లం. నన్ను పెంచింది తనే. నేను పాట వింటుంటే ఎప్పుడూ అడ్డొచ్చేది కాదు. నేను బయటికొచ్చేదాకా గుమ్మం అవతలే నిలబడి, తలుపు తీయగానే "అయిందా చిన్నోడా?" అని నవ్వేది. పక్షవాతంతో మాట పడిపోయాక, ఏదైనా కావాలంటే మంచంలోంచే చెంచాతో స్టీలు గ్లాసు మీద కొట్టేది. టక్... టక్ టక్. పోయిన నెల నేను ఈ గదిలో ఉండగా ఎంతసేపు కొట్టిందో, ఎలా పాక్కుంటూ వచ్చిందో తెలీదు. పాట అయ్యాక తలుపు తోస్తే జానెడు తెరుచుకుని ఆగిపోయింది. అవతల అక్క పడి ఉంది, ఊపిరి లేకుండా.

షాపాయన ముందు పెద్ద యాంప్ బిగించాడు. "ఇవి కరెంటు తాగే స్పీకర్లు సార్. వీటికి చిన్న యాంప్ పెడితే లారీకి సైకిల్ చక్రాలు బిగించినట్టే."

పాట అద్భుతంగా ఉంది. అయిపోయింది. గదంతా నిశ్శబ్దం. అందులోంచి, కుడి స్పీకర్లో...

టక్... టక్ టక్.

నా ఒళ్లు జల్లుమంది. షాపాయన మొహం మాత్రం వెలిగిపోయింది.

"విన్నారా? ఎవరో చెంచాతో గ్లాసు మీద కొడుతున్నారు! రికార్డింగులో ఇంత చిన్న చప్పుడు కూడా పట్టేసింది. యాంప్ అంటే ఇదీ!"

"తీసేయండి" అన్నాను.

రెండోది చిన్నది, పాతది. ముందు అద్దం వెనక, కుడి ఎడమ స్పీకర్ల చప్పుడుకి తగ్గట్టు ఎగిరే రెండు ముళ్లు. పాట మొదలవకముందే గురగుర. పాటేమో దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. అయిపోయాక కూడా ఆ గురగురే. చెంచా చప్పుడు లేదు. హమ్మయ్య అనుకున్నాను.

"ఇదే ఉంచండి."

"ఇదా! ఊరికే తేడా చూపిద్దామని తెచ్చా సార్. మంచి స్పీకర్ల గొంతు నొక్కేస్తుందిది."

ఎవరి గొంతు నొక్కుతున్నానో నాకు తెలుసు. అయినా ఆయన్ని పంపించేసి తలుపేసుకున్నాను.

పాట పెట్టలేదు. ముళ్లు కదలకూడదు.

కుడి ముల్లు ఎగిరింది. ఆగి... వెంటవెంటనే రెండుసార్లు ఎగిరింది.

స్విచ్ ఆపేశాను. గురగుర ఆగింది. ముల్లు ఆగలేదు. గోడలోంచి ప్లగ్ పీకేశాను. వైరు చేతిలో ఉండగానే... మళ్లీ ఎగిరింది. నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా... పడిపోయింది.

ఆ రోజూ ఇలాగే ఆగిపోయి ఉంటుంది. అప్పుడంటే వినపడలేదు. ఇప్పుడు కళ్లారా చూస్తూ కూడా, ఆగేదాకా కదలకుండా కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. "అక్కా..." అంటూ లేచి తలుపు తోశాను.

జానెడు తెరుచుకుని ఆగిపోయింది. అవతల ఏదో బరువు.

ఆ సందులోంచి, నేలకి దగ్గరగా, మాట పడిపోయిన అక్క గొంతు... స్పష్టంగా...

"అయిందా చిన్నోడా?"