నానమ్మ రాసిచ్చిన సాక్ష్యం

శనివారం పొద్దున్నే ఎలీసమ్మ వాకిట్లో చాప వేసుకుని వెల్లుల్లి వలుస్తోంది. మర్నాటికి అరవై మంది భోజనానికి కాబట్టి రెండు కేజీలు వలవాలి. మనవరాలు రూబీ, పదమూడేళ్ల పిల్ల, ఎదురుగా గోడకు చేరబడి కూర్చుంది. దాని చేతిలో నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం ఉంది.

"మళ్లీ సెప్పు," అంది ఎలీసమ్మ.

"నేను పాపినని తెలుసుకొంటిని. ఒక దినమున వాక్యము వినుచుండగా నా హృదయము కరిగిపోయెను..." రూబీ ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా అప్పజెప్పింది.

"కన్నీళ్లతో మోకరించాను అన్నది మర్సిపోయావు."

"అది నాకు జరగలేదు కదా నానమ్మా."

"జరుగుతాదిలే. ముందు నేర్సుకో."

రేపు ఆదివారం రూబీ బాప్తిస్మం. పసిపిల్లల నెత్తిన నీళ్లు చిలకరించే సంఘం కాదు వాళ్లది. బుద్ధెరిగిన పిల్లలు తమంతట తాము నమ్మామని పెద్దల ముందు సాక్ష్యం చెప్పాలి. అప్పుడే నాగావళి ఏట్లో ముంచుతారు. ఎలీసమ్మకు ఈ సంగతి తెలియక కాదు. స్త్రీల సమాజంలో నలభై ఏళ్లుగా అందరికీ ఆవిడ చెబుతున్నదే. కానీ తోడికోడలు దీవెనమ్మ మనవడు నిరుడు బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పట్నుంచి ఈవిడకు కాలు నిలవలేదు. తగుదునమ్మా అని తేదీ పెట్టించింది, తెల్లబట్టలు కుట్టించింది, వాట్సాప్‌లో చుట్టాలందరినీ పిలిపించింది. ఆఖరికి పిల్ల చెప్పాల్సిన సాక్ష్యం కూడా తనే రాసిపెట్టింది.

సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. గరివిడి నుంచి పెద్దకొడుకు రాబర్ట్ కుటుంబంతో దిగాడు. దీవెనమ్మ ముందుగదిలో మంచి కుర్చీ చూసుకుని కూర్చుంది. అందరూ అయ్యగారని పిలిచే పాస్టరుగారు ఇద్దరు సంఘ పెద్దలతో వచ్చారు. రూబీ నిలబడి, ఒక్క ముక్క తప్పకుండా మొత్తం చెప్పింది. ఎలీసమ్మ దీవెనమ్మ వైపు ఓ చూపు చూసింది.

అయ్యగారు నవ్వారు. "బాగా చెప్పావమ్మా. ఆ వాక్యం ఎప్పుడు విన్నావు? ఏ వాక్యమది?"

రూబీ నానమ్మ వైపు చూసింది. కాగితంలో అది లేదు.

"నేను వినలేదండి. నానమ్మ రాసిచ్చింది." కాగితం మడిచేసింది. "నాకు దేవుడంటే ఇష్టమేనండి. కానీ నమ్మానని అందరి ముందూ సెప్పేంతగా నాకింకా తెలీట్లేదు. అబద్ధం సెప్పి నీళ్లలో దిగాలంటే భయమేస్తంది."

ఎలీసమ్మకు తల కొట్టేసినట్టయింది. "తొందరేమీ లేదు, మీరంతా ఆలోచించుకోండి," అని అయ్యగారు టీ తాగి వెళ్లిపోయారు.

ఆయన వీధి మలుపు తిరిగారో లేదో ఎలీసమ్మ వంటింట్లో కోడలి మీద పడింది. "ఇది నీ పెంపకమేనా పద్మజా? సుట్టాలందర్నీ కూకోబెట్టి నా పరువు తీసేసింది."

"అది నిజమే సెప్పింది కదత్తా," అంది పద్మజ. "నిజం సెప్పొద్దని ఎలా నేర్పను?"

"పోనీ రేపటికి ఎలాగో దిగెయ్యమందామమ్మా. వచ్చినోళ్లకి ఏటని సెప్తాం?" అన్నాడు రూబీ తండ్రి విక్టర్, ఎవరికీ చెడ్డవాడు కాకుండా.

రూబీ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దిగమంటే దిగుతాను నానమ్మా. కానీ ఒకటి సెప్పు. నువ్వు మునిగినప్పుడు నీకేటి అనిపించింది?"

స్త్రీల సమాజంలో ఈ ప్రశ్నకు ఎలీసమ్మ దగ్గర జవాబు తయారుగా ఉండేది. ఆకాశం తెరుచుకున్నట్టయింది అనేది. ఇప్పుడూ అదే అనబోయి, పిల్ల ఎర్రటి కళ్లు చూసి ఆగిపోయింది. వెనక నుంచి భర్త డేవిడ్‌రాజు మెల్లగా అన్నాడు, "సెప్పవే. పిల్ల అడుగుతున్నాది."

ఎలీసమ్మ పీట మీద కూలబడింది. దాచుకున్న మాట బరువు ఆవిడకు ఇన్నేళ్లకు తెలిసింది.

మర్నాడు గుడిలో సాక్ష్యాల వేళ ఆవిడే లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"నాకు పదహారేళ్లప్పుడు శనివారం ముంచారు, బుధవారం పెళ్లి సేశారు. బాప్తిస్మం లేకపోతే గుడిలో పెళ్లి సెయ్యనే సెయ్యం అన్నారు. అందుకని నమ్మానన్నాను. నీళ్లలో నాకు దేవుడు కనిపించలేదు, సీర జారిపోతాదేమోనని భయమేసింది. నమ్మకం తర్వాతెప్పుడో, మా విక్టర్ కామెర్లతో పడి బతికినప్పుడొచ్చింది. ఆ మాట సెప్పడానికి సిగ్గేసి, ఇన్నేళ్లూ మీకు కథలు సెప్పాను. నా మనవరాలు నాలా సెయ్యనన్నాది. ఈ రోజు బాప్తిస్మం లేదు. తప్పు నాది, దానిది కాదు. భోజనాలున్నాయి, అందరూ తప్పకుండా రండి."

తన చోటికి తిరిగొచ్చింది. దీవెనమ్మ ఏమంటుందోనని బిక్కుబిక్కుమంటూ చూసింది. దీవెనమ్మ జరిగి చోటిచ్చి, ఆవిడ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. "మావోడికీ నేనే రాసిచ్చాను అక్కా," అంది చెవిలో.

షామియానా కింద పంక్తి వేసి పొట్టేలు మాంసం వడ్డిస్తుంటే రూబీ వచ్చి నానమ్మ పక్కన కూర్చుంది. చాలాసేపు అన్నం కెలికింది.

"నానమ్మా, నేను దిగిన రోజు నువ్వు కూడా నాతో నీళ్లలోకి రావాలి."

"నేనెందుకే? మునిగేది ఒక్కసారే. నాదయిపోయింది కదా."

"అప్పుడు పెళ్లి కోసం దిగావు కదా. ఈసారి నాతో రా. మునగొద్దులే, నడుం లోతు దాకా వచ్చి సెయ్యి పట్టుకో, సాలు."

ఎలీసమ్మ ముద్ద ఆకులోనే వదిలేసింది. ఎంగిలి చేత్తోనే పిల్లను దగ్గరికి లాక్కుని, అరవై మంది చూస్తుండగా భోరున ఏడ్చేసింది. ఆ ఏడుపు పరువు పోయినందుకు కాదని ఆవిడకు తెలుసు, రూబీకీ తెలుసు.

డేవిడ్‌రాజు ఎదురు పంక్తిలోంచి తలెత్తాడు. "ఆ రోజేదో బేగి సూడు తల్లీ. మీ నానమ్మ మోకాళ్లు ఎన్నాళ్లో ఉండవు."

ఎలీసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన వైపు చూసింది.

"దాన్ని తొందరపెట్టకండి," అంది.