ఆరుంపావు దాకా ఆగాల్సిందే

స్కూలు బ్యాగు ఒక మూల, బూట్లు చెరో మూల. తూనీగ ఇంటికొచ్చిందని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"అమ్మా! నేను లేకుండానే మొదలెట్టేశారా?"

"నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఏ పని జరిగింది గనక?" అన్నాడు తాతయ్య షెడ్డులోంచి. "రా, రా. కెటిల్ నీకోసమే బుసలు కొడుతోంది."

తూనీగకి అసలు పేరు వేరే ఉంది. పదేళ్ళ పిల్ల, పది నిమిషాలు ఒకచోట నిలవదు. అందుకని తాతయ్య ఆ పేరు పెట్టాడు. అదే స్థిరపడిపోయింది.

షెడ్డులో ఒక పాత వ్యాను ఉంది. ముప్ఫై ఏళ్ళు తాతయ్య అందులో బ్రెడ్డు అమ్మాడు. రోజూ అవే నాలుగు వీధులు, అదే పాంపాం హారను. అమ్మకం మానేశాక కూడా వ్యాను వదులుకోవడానికి ఆయనకి మనసొప్పలేదు. అందుకని అందరూ కలిసి దాన్ని చక్రాల మీద ఇల్లుగా మారుస్తున్నారు. మంచం అయింది. చిన్న వంటగట్టు అయింది. రంగులు నాన్న వేశాడు, ఆయన మోచేతులు ఇంకా నీలంగానే ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే ప్రయాణం. ఎక్కడికనుకున్నారు? సముద్రానికి! ఇన్నేళ్ళలో ఆ వ్యానూ సముద్రం చూడలేదు, తాతయ్యా చూడలేదు.

మిగిలిన పని ఒక్కటే, వెనక కిటికీ పైన బీడింగ్. అక్కడ వ్యాను కప్పు బ్రెడ్డు పైభాగంలా గుండ్రంగా ఉంటుంది. గోడా కప్పూ కలిసేచోట సందు కనబడకుండా, దుమ్మూ వానా లోపలికి రాకుండా సన్నటి చెక్క పట్టీ బిగించాలి. మరి తిన్నని పట్టీ గుండ్రటి చోట ఎలా కూర్చుంటుంది? తెచ్చిన మూడు పట్టీల్లో మొదటిదాన్ని నాన్న బలమంతా పెట్టి వంచాడు. అది ఫట్‌మంది. అందరూ ముక్కల్ని చూశారు. తర్వాత నాన్నని చూశారు. నాన్న రంగుల బ్రష్షు తీసుకుని అటు వెళ్ళిపోయాడు.

అప్పుడు అమ్మ రంగంలోకి దిగింది. అమ్మ టైలరు. "గుండ్రమంటే నాకేం భయం? రోజూ చొక్కాల చంకలు కత్తిరించేదాన్ని" అంది. పాత న్యూస్‌పేపరు కిటికీ మీద పరిచి, వంపు గీసి, కత్తిరించింది. ఆ కాగితాన్నిబట్టి దళసరి చెక్కతో ఒక అచ్చు కోసింది. ఆమె దగ్గర చొక్కాలు కుట్టించుకునే వడ్రంగి మేస్త్రీ ఒక కిటుకు చెప్పాడు. పట్టీకి బాగా ఆవిరి పట్టించాలి, అది మెత్తబడగానే అచ్చుకి వంచి బిగించాలి.

ఇప్పుడు జరుగుతున్నది అదే. పొడుగాటి పైపులో రెండో పట్టీ ఉంది. కెటిల్‌లోంచి ఆవిరి గొట్టం గుండా పైపులోకి పోతోంది.

"అయిందా?" అంది తూనీగ.

"ఇంకా పది నిమిషాలు."

"ఇప్పుడయిందా?"

"తొమ్మిది" అంది అమ్మ.

చివరికి అయింది. అమ్మా తాతయ్యా గ్లౌజులతో పట్టీని పట్టుకుని, అచ్చు చుట్టూ మెల్లిగా వంచారు. నిన్న ఫట్‌మన్న చెక్క ఇవాళ చెప్పినమాట విన్నట్టు వంగింది. పట్టీని అచ్చుకి పట్టి ఉంచే ఇనప క్లాంపులు తూనీగ ఒక్కొక్కటీ అందిస్తుంటే అమ్మ బిగించింది. మొత్తం ఏడు.

"రేపు ఇదే వేళదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అంది అమ్మ. "పూర్తిగా ఆరితేగానీ వంపు నిలవదట."

"రోజంతానా? ఆలస్యం అమృతం విషం అని నువ్వే అంటావుగా!"

"అది నువ్వు స్కూలుకి తయారయ్యేటప్పుడు!"

అమ్మ మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. తాతయ్య టీ తాగడానికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి కవలలు వచ్చారు. ఊరికే రాలేదు. మా ఇంట్లో చెక్క రబ్బరులా వంగుతుందని క్లాసులో గొప్పలు పోయింది ఎవరు? మన తూనీగే.

"ఇనప క్లాంపులు పట్టుకున్నాయి కాబట్టి వంగింది" అంది పెద్ద కవల.

"వదిలితే మళ్ళీ మామూలే" అంది చిన్న కవల.

తూనీగకి ఒళ్ళు మండింది. "ఏం కాదు. చూడండి కావాలంటే!"

ఒకటి, రెండు, మూడు... ఏడూ విప్పేసింది. పట్టీ నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు నెమ్మదిగా విచ్చుకుంది. ముగ్గురూ కలిసి పట్టీని నొక్కిపట్టి, ఎలాగో మళ్ళీ ఏడు క్లాంపులూ బిగించారు. చూడ్డానికి అంతా ముందులాగే ఉంది.

ఆ పూట తూనీగ కిక్కురుమనకుండా అన్నం తింది. జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టి చూసింది.

మర్నాడు సాయంత్రం అమ్మ క్లాంపులు తీసి పట్టీని కిటికీ మీద పెట్టింది. మధ్యలో ఆనింది. రెండు చివర్లూ రెండేసి వేళ్ళ ఎడంలో నిలబడ్డాయి.

అమ్మ పేపరు ముక్క తెచ్చి కిటికీకి పెట్టి చూసింది. అచ్చుకి పెట్టి చూసింది. మళ్ళీ చూసింది.

"నా కొలతే తప్పినట్టుంది" అంది మెల్లిగా. "ఇరవై ఏళ్ళలో ఒక్క చొక్కా వెనక్కి రాలేదు. కళ్ళు పోతున్నాయేమో నాకు."

"ఊరుకో అమ్మాయ్, చెక్కన్నాక..." అని తాతయ్య ఏదో సర్దిచెప్పబోయాడు.

"లేదులే. అచ్చుని ఇంకొంచెం లోపలికి కోస్తాను. ఉన్నది ఇంకొక్క పట్టీయే. అదీ పోతే ఆదివారం ప్రయాణం లేనట్టే." అమ్మ రంపం తీసుకుంది.

తూనీగని ఎవరూ ఏమీ అడగలేదు. అడగరు కూడా. కానీ అచ్చు సరిగ్గానే ఉంది! దాన్ని కోస్తే మూడో పట్టీ కూడా పాడవుతుంది. పైగా అమ్మ తన కళ్ళనే తిట్టుకుంటోంది. అలాంటి అమ్మని తూనీగ ఎప్పుడూ చూడలేదు.

రంపం చెక్కకి ఆనింది.

"అమ్మా, కోయకు! నీ కొలత తప్పు కాదు. నిన్న నేనే క్లాంపులు విప్పాను!"

రంపం ఆగింది.

"ఎన్ని?" అంది అమ్మ.

"ఏడూ."

తిట్లు పడతాయని తూనీగ కళ్ళు గట్టిగా మూసుకుంది. ముందుగా వినిపించింది నవ్వు. "విన్నావా? నా కొలత తప్పలేదు!" అంటూ అమ్మ తాతయ్య భుజం పట్టి ఊపేస్తోంది. తర్వాత తూనీగవైపు తిరిగింది. నవ్వు తగ్గింది.

"కోపం రాలేదనుకోకు, వచ్చింది. విప్పినందుకు కొంచెమే. నేను ఇందాకట్నుంచి నన్ను తిట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డావు చూడు, అందుకు."

"ఇంకెప్పుడూ నిలబడను" అంది తూనీగ. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"సరే, ఇప్పుడూ నిలబడకు. వెళ్ళి కెటిల్ పెట్టు."

మూడో పట్టీకి మళ్ళీ ఆవిరి, మళ్ళీ గ్లౌజులు, మళ్ళీ ఏడు క్లాంపులు. ఆఖరిది బిగించగానే తూనీగ గడియారం చూసింది, ఆరుంపావు. బట్టల మీద గీతలు గీయడానికి అమ్మ వాడే సుద్దముక్క తెచ్చి అచ్చు మీద పెద్దక్షరాలతో రాసింది: "రేపు ఆరుంపావు దాకా ముట్టుకోవద్దు." కాస్త ఆలోచించి, కింద చిన్నక్షరాలతో ఇంకో మాట చేర్చింది: "నిన్న ముట్టుకున్నది నేనే."

మర్నాడు, శనివారం, కవలలు వచ్చి అది చదివారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుద్దముక్క తీసుకుని "మేము కూడా" అని రాసిపోయారు.

సాయంత్రం ఆరింటికల్లా ఇంటిల్లిపాదీ షెడ్డులో చేరారు. తాతయ్య చెయ్యి మెల్లిగా మొదటి క్లాంపు మీదికి వెళ్ళింది.

"తాతయ్యా! చెయ్యి తియ్యి. ఇంకా పావుగంట ఉంది."

"పోన్లేవే, పావుగంటలో ఏమవుతుంది?" అంది అమ్మ. తనకీ ఆత్రంగానే ఉంది.

"ఏమవుతుందో నాకు తెలుసు" అంది తూనీగ.

తూనీగ అచ్చు ముందు స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. మిగతావాళ్ళు వ్యాను మంచం మీద వరసగా కూర్చున్నారు.

"అయిందా?" అన్నాడు తాతయ్య.

"ఇంకా పది నిమిషాలు."

"ఇప్పుడయిందా?"

"తొమ్మిది" అంది తూనీగ.

ఆరుంపావుకి అమ్మ ఏడు క్లాంపులూ తూనీగ చేతనే తీయించింది. పట్టీ కదల్లేదు, మెదల్లేదు. నాన్న దాన్ని విరిగిపోతుందేమోనని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళి కిటికీ మీద పెట్టాడు. ఈ చివరనుంచి ఆ చివరదాకా అతికినట్టు కూర్చుంది. అమ్మ దాని పొడుగునా వేలు పోనిచ్చి చూసింది. గోరు దూరే సందు కూడా లేదు.

"సముద్రానికే!" అని తూనీగ ఎగిరింది. తాతయ్య ఒక్క ఉదుటున డ్రైవరు సీట్లోకి ఎక్కి హారను కొట్టాడు. పాం, పాం!

బ్రెడ్డు వచ్చిందనుకుని వీధిలో ముగ్గురు సంచులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.