సున్నం లేయర్

కె.ఆర్.పురం స్టేషన్ దగ్గర పట్టాల పక్కన దర్శన్ శవం దొరికేసరికి అతని ఫోన్ మోగుతూనే ఉంది. అవతల ఓబులేష్. చనిపోయే ముందు దర్శన్ పంపిన వాయిస్ మెసేజ్ విని, కంగారుగా తిరిగి చేస్తున్నాడు. మెసేజ్‌లో ఉన్నది ఇంతే: "కాంటీన్ షీట్ చూడన్నా. నార్త్ సింబల్."

మర్నాడు ఉదయం ఓబులేష్ నగర్తపేటలో ఒక జరీ కొట్టు ముందు ఆగాడు.

"పాత జరీ కొంటారా?"

"కరిగించిందైతేనే" అన్నాడు కొట్టతను, లోపలి మెట్లవైపు చూపిస్తూ.

మేడమీద నిఘా విభాగం చీఫ్ శశికళ ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టింది. దేవనహళ్ళి దగ్గర ఒక డిజైన్ ఆఫీస్. భూగర్భ రాడార్ కంట్రోల్ రూమ్ డ్రాయింగ్స్ అక్కడే తయారవుతున్నాయి. 'కోరల్' అనే విదేశీ ముఠా వాటికోసం కాచుకుని ఉంది. ఆ ఆఫీసులో మనవాళ్ళు ఇద్దరే. దర్శన్ పోయాడు. మిగిలింది నేత్రావతి.

"సాయంత్రం నాలుగింటికి కాంటీన్ షీట్లు కాంట్రాక్టర్‌కు వెళ్తాయి. వాటిలోనే ఏదో దాటిస్తున్నారు. ఆపితే ముఠా మాయమవుతుంది. కాబట్టి ఫైల్ వెళ్ళాలి, రహస్యం వెళ్ళకూడదు. కాంట్రాక్టర్ నుంచి అది ఎయిర్‌పోర్ట్‌లో ముఠా చేతికి అందుతుందని సమాచారం. అక్కడ దాన్ని ఎవరు తెరుస్తారో వాళ్ళను మేం పట్టుకుంటాం."

ఆమె ఒక పెన్ను ఇచ్చింది. దాన్ని నొక్కితే అతను కూర్చున్న కంప్యూటర్‌లో ఎంటర్ పడుతుంది.

"తుపాకీ నయం కదా మేడమ్?"

"మీ గురి రికార్డ్ చూశాను."

ఏజెంట్ కాకముందు ఓబులేష్ డ్రాఫ్ట్స్‌మన్. డిజైన్ ఆఫీసుల్లోకి వెళ్ళాల్సిన ఏజెంట్లకు కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే క్యాడ్ నేర్పేది అతనే. నేత్రావతి అతని శిష్యురాలు.

మధ్యాహ్నం, ప్లాన్లు ప్రింట్ చేసే ప్లాటర్‌కు మెకానిక్ వేషంలో, మెడలో 'రాము' అన్న ఐడీ కార్డుతో ఆఫీసులో అడుగుపెట్టాడు. నేత్రావతి ఎదురొచ్చింది. ఎర్ర సిల్కు చీర, తల మీదకు తోసిన నల్లకళ్ళద్దాలు. ఆమె నడిస్తే హాల్లో సగం మౌస్‌లు ఆగిపోయాయి.

"అన్ని షీట్లూ నేనే చూసినానన్నా. ఏమీ లేదు" అని మెల్లగా చెప్పి, మీటింగ్ ఉందంటూ వెళ్ళిపోయింది.

ప్లాటర్ గదిలో ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చున్న అతనికి టీ తెచ్చే పాపక్క గ్లాసు పెట్టి పోయింది. చక్కెర తక్కువ. అతను అడగలేదు, అయినా తక్కువే. ఇలాంటి చిన్న దయలకు ఓబులేష్ మనసులోనే దండం పెట్టుకుంటాడు.

కాంటీన్ షీట్ తెరిచాడు. క్యాడ్‌లో క్యాంపస్ అంతా ఒకే మోడల్‌గా ఉంటుంది. షీట్ అంటే ఒక తెల్లకాగితం. అందులో కోసిన కిటికీయే వ్యూపోర్ట్. ఏ కిటికీలోంచి ఎంత చూపించాలో గీసేవాడి ఇష్టం. షీట్ మూలన ఉత్తర దిక్కు చూపే గుర్తు, నార్త్ సింబల్. దాని నడుమ నువ్వుగింజంత నల్లచుక్క కనిపించింది. జూమ్ చేశాడు. చుక్క పెరిగింది, గీతలుగా విడిపోయింది. అది చుక్క కాదు, గుండ్రటి వ్యూపోర్ట్. అందులో క్యాంపస్ మొత్తం ఉంది, భూమికింది కంట్రోల్ రూమ్‌తో సహా. ప్రింటులో చూస్తే ఇంకు మరక. పీడీఎఫ్ అందుకున్నవాడు జూమ్ చేస్తే సర్వం దొరుకుతుంది.

ఎవరు కోశారో తెలుసుకుందామని కిటికీ అంచు మీద క్లిక్ చేశాడు. క్యాడ్‌లో ప్రతి గీతా ఏదో ఒక పొర మీద, అంటే లేయర్ మీద ఉంటుంది. ఈ లేయర్ పేరు: సున్నం.

ఆ పేరు ఇంకోసారి చదివాడు.

పునాది తవ్వే ముందు నేలమీద సున్నంతో గీత వేస్తారు. ఇల్లు లేచాక ఆ గీత ఎవరికీ కనపడదు. అందుకే ప్రింటులో రాని వ్యూపోర్ట్ అంచులకు అతను ఆ పేరు పెట్టుకున్నాడు. బెంగుళూరంతా గాలించినా ఆ అలవాటు ఇంకొకరికే ఉంది. దర్శన్‌కు కూడా నేర్పలేదు. నేత్రావతికే నేర్పాడు.

వ్యూపోర్ట్‌కు లాక్ వేసి ఉంది. ఓబులేష్ దాని లోపలికి వెళ్ళి గబగబా ఒక కమాండ్ టైప్ చేశాడు. ఎంటర్ మాత్రం మిగిలింది.

వీపుకు ఏదో గట్టిగా తగిలింది.

"చేతులు పైకి తీయన్నా" అంది నేత్రావతి. "దర్శన్ కూడా నీ మాదిరే ఆ చుక్క దగ్గరే ఆగిపోయినాడు."

"వాణ్ణి నువ్వే చంపించావా?"

ఆమె ముందుకు వంగి మౌస్ వీల్ తిప్పింది. లాక్ ఉంది గనుక లోపలి బొమ్మ కదల్లేదు, షీటే మొత్తంగా వెనక్కి జరిగింది. చుక్క మళ్ళీ నువ్వుగింజైంది.

"లాక్ అట్లే ఉండాది. వ్యూపోర్ట్ కోసిన వెంటనే తాళం వెయ్యమని నువ్వే చెప్పినావు కదా. తాళం వేస్తే ఎవురూ చెడపలేరని."

ఓబులేష్ చేతులు దించి జోడించాడు, గుండెకు ఆనించి. జేబులో పెన్ను నొక్కుకుంది.

"దండం పెడితే వదిలేస్తానా అన్నా?" అని నవ్వింది. నాలుగైంది. షీట్లను పీడీఎఫ్ చేసే పబ్లిష్ నొక్కి, ఫైల్ పంపించింది.

అతను తల వంచుకున్నాడు. ఆ తాళం పాఠం రోజు గుర్తొచ్చింది. పాఠం నడుమ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. భార్యకు ఆఖరి ఘడియలు. కారు తాళాలు అందుకుని, పాత మద్రాస్ రోడ్డు ట్రాఫిక్‌లో ఎవరెవరినో బతిమాలుతూ అతన్ని సమయానికి చేర్చింది నేత్రావతే. భార్య చెయ్యి వెచ్చగా ఉండగానే పట్టుకోగలిగాడు. ఆ పాఠం మళ్ళీ మొదలుకాలేదు.

నేత్రావతి ఫోన్ మోగింది. అవతలి గొంతు అరుస్తోంది. ఆమె ముఖం తెల్లబోయింది. ఆత్రంగా చుక్క మీదకు జూమ్ చేసింది. గుండ్రటి కిటికీలో కాంటీన్ మరుగుదొడ్ల డ్రైనేజ్ పైపులు తప్ప ఇంకేమీ లేవు. అవతల ఫోన్‌లో పెనుగులాట వినిపించి, లైన్ తెగిపోయింది.

"తాళం వేసింటి కదా" అంది.

"తాళం జూమ్‌కే తల్లీ. లేయర్లను ఆపదు. ఒక్క కిటికీలో మాత్రమే ఏ లేయర్‌నైనా ఫ్రీజ్ చేసి దాచేయొచ్చు. డ్రైనేజ్ ఒక్కటి వదిలాను."

ఆమె తుపాకీ ఎత్తింది. అంతకంటే ముందే టీ ట్రే ఆమె మణికట్టు మీద పడింది. పాపక్క రెండో చేతిలోని పిస్తోలు ఆమె మెడకు ఆనింది.

"శశికళ మేడమ్ పంపినారు సార్" అంది పాపక్క. "ఆ యమ్మనే కాదు, మిమ్మల్ని కూడా కనిపెట్టుకోమన్నారు."

ఓబులేష్ తలూపాడు. శశికళ చూస్తున్నది ఇంకొక్క కిటికీ. అందులో తనే ఉన్నాడన్నమాట.

సంకెళ్ళతో గుమ్మం దాటబోతున్న నేత్రావతిని ఒక్కటే అడిగాడు. "ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు కూడా వాళ్ళ మనిషివేనా?"

ఆమె వెనక్కి తిరగలేదు. "ఆ పొద్దు నేను ఎవురి మనిషినీ కాదన్నా."

నమ్మాలో వద్దో అతనికి తెలియలేదు. నమ్మాడు.

ఓబులేష్ ఇప్పుడు కొత్త బ్యాచ్‌కు వ్యూపోర్ట్‌లు నేర్పుతున్నాడు. లాక్ వేయడం వరకు చక్కగా చెప్పి, మిగతాది రేపు అంటాడు. ఆ రేపు ఇంతవరకు రాలేదు.