పాత తీగల తొట్టి

ధబ్!

నేలమాళిగ అడుగున ఏదో బరువుగా పడింది.

ఒదీల్ మెట్ల మీదే ఆగిపోతుంది. చేతిలో వెలిగించిన కొవ్వొత్తి.

బయట ముంగిట్లో కోత కూలీల విందు. అకార్డియన్ మోత... బల్లలు చరుస్తూ పాటలు... కాలుతున్న సాసేజీల వాసన! పొద్దు ఇప్పుడే గుంకింది. ఈ ఏటి ద్రాక్ష కోత ఇవాళ్టితో సరి. ఈ పూట మాళిగలోకి ఎవరూ రారు.

మరి పడిందెవరు?

"గాస్పార్!"



రమ్మన్నది గాస్పారే. ఇందాక ఫోన్ చేశాడు. "అక్కా, ఒక్కదానివే మాళిగ దగ్గరికి రా. తమ్ముడి సంగతి మాట్లాడాలి. వాడి వాలకం చూస్తే భయమేస్తోంది."

భయమెయ్యదూ మరి! గాస్పార్ ఫాబ్రెగ్‌కీ, తమ్ముడు బాస్టియన్‌కీ వారం నుంచి మాటల్లేవు. తోట ఒకటే, ఇల్లు ఒకటే, కొట్లాట దేనికో ఇద్దరూ చెప్పరు.

ఒదీల్ స్విచ్ నొక్కుతుంది. దీపం వెలగదు.

మళ్లీ నొక్కుతుంది. ఊహూ!

కొవ్వొత్తిని మోకాలి ఎత్తున పట్టుకుని దిగడం మొదలుపెడుతుంది. కోతల రోజుల్లో ఇక్కడ అందరూ అలాగే దిగుతారు. ద్రాక్ష పులిసేటప్పుడు పుట్టే గాలి బరువు. నీళ్లలా కిందికి జారి, పల్లంలో నిలుస్తుంది. మంట ఆరిందంటే, అక్కడ మనిషికీ ఊపిరి ఉండదన్నమాట. వెనక్కి తిరగాల్సిందే.

మంట ఆరలేదు.

దిగుతుంది.

ఎదురుగా నాలుగు సిమెంటు తొట్లు. ఒక్కొక్కటీ రెండాళ్ల ఎత్తు. మొదటి తొట్టికి నిచ్చెన వేసి ఉంది. పైన మూత తీసి ఉంది.

నిచ్చెన మెట్టుకి నీలం కోటు వేలాడుతోంది.

గాస్పార్ కోటు!

తొట్టి లోపల బుడబుడమని చప్పుడు... ఒక మూలుగు!

"అయ్యో దేవుడా! తోసేశాడు... సొంత అన్నని తోసేశాడు!"

ఒదీల్ కాలు నిచ్చెన మీద పడుతుంది.

అక్కడే ఆగుతుంది.

ఎక్కితే? వంగి చెయ్యి అందించాలి. వంగితే ఆ గాలి ఒక్క గుక్క చాలు. పోయినేడు పక్క ఊళ్లో కొడుకు పడ్డాడని తండ్రి వంగాడు. ఇద్దరినీ ఒకే బండిలో తీసుకెళ్లారు.

ఆవిడ వైన్ బ్రోకరు, అక్కా అన్నది చనువు కొద్దీ పిలుపే. ఫాబ్రెగ్ వాళ్ల సరుకుని పారిస్‌లో, బ్రస్సెల్స్‌లో దుకాణాలకు అమ్మిపెట్టేది ఆవిడే. సొంత కొట్టు లేదు, సొంత సరుకు లేదు. ఉన్నదల్లా మాట. "ఇది రసాయన మందు తగలని ద్రాక్ష" అని ఆవిడ అంటే అవతలివాళ్లు సీసా మూత తియ్యకుండానే కొంటారు. ఇన్నేళ్ల బేరాల్లో నేర్చుకున్నది ఒకటే. ఎంత తొందరలోనైనా ఏది పోతుంది, ఏది మిగులుతుంది అని చూసుకున్నాకే చెయ్యి కదపాలి.

పైకెక్కితే ఇద్దరూ పోతారు.

తొట్టి అడుగున ఇనుప తలుపు ఉంది. దానికో చక్రం. తిప్పితే ఏడాది చాకిరీ నేలపాలు... మనిషి మిగలొచ్చు!

కొవ్వొత్తిని మాళిగ కింది మెట్టు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, చక్రం పట్టుకుంటుంది.

తిరగదు.

ఒళ్లంతా వేసి లాగుతుంది.

కిర్ర్... ర్ర్...

భళ్లుమంటుంది!

ఎర్రటి వెల్లువ తలుపుని తన్ని ఆవిడ ముంజేతికి కొడుతుంది. ఫట్! ఎముక. కళ్ల ముందు మెరుపులు. వైన్ చీలమండల దాకా... గడ్డలు గడ్డలుగా ద్రాక్ష తొక్కు... తొక్కులో ఒక బూటు!

కాలు పట్టి లాగుతుంది. ఒంటి చేత్తో లాగుతుంది. భుజం పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చేసరికి గుండె నోట్లోకి వస్తుంది. సగం మెట్లెక్కాక గాని ఊపిరి తియ్యదు.

"గాస్పార్! ఒరేయ్, కళ్లు తెరు!"

ముఖాన అంటిన తొక్కు తుడుస్తుంది.

గాస్పార్ కాదు...

బాస్టియన్!

వాడి తల వెనక దెబ్బ. దగ్గుతాడు, కక్కుతాడు, మళ్లీ దగ్గుతాడు.

"అన్నయ్య... వెనక నుంచి... పారతో..."

పైన టార్చి వెలుగుతుంది.

తొట్ల మీదుగా వేసిన చెక్క దారిలో ఒక మనిషి నడుస్తున్నాడు. తీరిగ్గా! మెట్ల పైకి వచ్చి మాళిగ తలుపుకి అడ్డంగా నిలబడతాడు. ఒక చేతిలో టార్చి. ఇంకో చేతిలో అడవిపందుల్ని కొట్టే తుపాకీ.

గాస్పార్.

"నిచ్చెన ఎక్కుతావనుకున్నా అక్కా. పైన పడుకుని కాచుకున్నా. తొట్టి తలుపే తీసేస్తావని కలలో కూడా అనుకోలేదు. అసలు చేతులెలా వచ్చాయి నీకు? తొట్టెడు వైన్!"

"తమ్ముణ్ణి అందులో ముంచినవాడివి, వైన్ కోసం ఏడుస్తున్నావా?"

"వాడు ఊరుకుంటే ఏ గొడవా లేదు. రేపు తోట తనిఖీకొచ్చేవాళ్లకి చెప్పేస్తానన్నాడు."

"ఏం చెప్పేస్తాడు?"

బాస్టియన్ నోరు తుడుచుకుంటాడు.

"తోటకి రసాయన మందు కొట్టాడక్కా... జూన్ వానల్లో. కొమ్ము పేడ చల్లుతున్నానని చెప్పి... మా అందరి కళ్ల ముందే!"



ఆవు కొమ్ములో పేడ దట్టించి చలికాలమంతా భూమిలో పాతిపెడతారు. తీసి, నీళ్లలో వేసి, సుడి లేచేదాకా చేత్తో తిప్పుతారు. పొద్దు వాలాక, మందుల బదులు, తోటంతా అదే చల్లుతారు. వీళ్ల తాత నాటి నుంచీ అంతే. ఆ వేళ గాస్పార్ వీపున డబ్బా తగిలించుకుని తిరుగుతుంటే, డబ్బాలో ఏముందని ఎవడడుగుతాడు?

ఈ ఏడు ఊరంతా బూజు తెగులు. ప్రతి తోటలోనూ మాడిన ఆకులు, వాటి మీద మైలుతుత్తం నీలి మచ్చలు. ఫాబ్రెగ్ వాళ్ల తోట మాత్రం కడిగి ఆరబెట్టినట్టు పచ్చగా!

ఆవిడ చూసింది. చూసి మురిసింది. సరుకు బాగుంటే, ఎందుకు బాగుందని అడిగే అలవాటు లేదు.

"నన్నెందుకు పిలిచావురా?"

"మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరి ముందూ అన్నావుగా! 'ఈ ఏడు ఇంత శుభ్రమైన ఆకు నేనెక్కడా చూళ్లేదు' అని. నువ్వు కనిపెట్టేశావని అప్పుడే తెలిసిపోయింది."

"మెచ్చుకున్నానురా వెధవా!"



గాస్పార్ తల విదిలిస్తాడు. "ఇప్పుడైతే తెలుసుగా. ఇది ఒక్క ఏడాదితో పోయేది కాదక్కా. తాత పేరు, నాన్న పేరు, సీసా మీద ఇంటి పేరు... అన్నీ పోతాయి. ఒక్క ఏడాది వాన ఎక్కువైందని ఎందుకు పోవాలి? దిగండి. ఇద్దరూ!"

ఒదీల్ తుపాకీని చూస్తుంది. వాడి వేలిని చూస్తుంది. వేలు ట్రిగ్గర్ బయట ఉంది.

కాల్చడు!

గుండు దెబ్బ తగిలిన శవం తొట్టిలో పడి చచ్చిందంటే ఏ పోలీసూ నమ్మడు. వాడికి కావలసింది ప్రమాదం. తుపాకీ బెదిరించడానికే.

కానీ వాడికి రెండు చేతులున్నాయి. ఆవిడకి ఒకటే. బాస్టియన్ ఇంకా లేవలేడు. ఒక్క తోపు చాలు!

కింద, ఆఖరి మెట్టు మీద కొవ్వొత్తి సన్నబడుతుంది...

ఆరిపోతుంది.

గాస్పార్ చూడలేదు. వాడి చూపంతా వీళ్ల మీదే.

మొదటి తొట్టిలో నిలిచిన గాలంతా నేల మీదికి దిగిందన్నమాట.

"సరే" అంటుంది ఒదీల్. "దిగుతా."

"అక్కా!" బాస్టియన్ ఆవిడ గౌను పట్టుకుంటాడు.

"వదులు. నువ్వు ఇక్కణ్ణుంచి కదిలావో, చంపేస్తా."

గుండెల నిండా ఊపిరి తీసుకుంటుంది. నోరు మూస్తుంది. దిగుతుంది.

తొక్కులో కాళ్లు జారుతున్నాయి. రెండో తొట్టి దాటుతుంది. మూడోది దాటుతుంది.

"ఎక్కడికి? అక్కా... ఎక్కడికి?"

నాలుగోది. పాత తీగల తొట్టి! గుట్ట మీద తాత నాటిన తీగల రసం అందులో ఉంది. మిగతా మూడు తొట్లూ ఇల్లు గడవడానికి. ఈ తొట్టి పేరు కోసం. ప్రతి బేరంలోనూ ఆవిడ మొదట బయటికి తీసేది దీని సీసానే. ఎదుటివాడు దేన్ని వదులుకోలేడో ఆవిడకి తెలుసు.

బాగున్న చేత్తో చక్రం పడుతుంది. మోచెయ్యి తగిలిస్తుంది. నడుము వేస్తుంది.

"ఒద్దూ!!"

కిర్ర్... ర్ర్...

భళ్లు!

గాస్పార్ పరిగెత్తుకొస్తున్నాడు. తమ్ముణ్ణి దాటేశాడు. తుపాకీ గురిపెట్టాడు... కాల్చలేదు... మెట్ల మీద పడేశాడు! వెలుగుతున్న టార్చి కూడా అక్కడే పడేశాడు! వెల్లువకి ఎదురుగా తలుపు మూయాలంటే రెండు చేతులూ కావాలి.

ఆవిడ వాణ్ణి రాసుకుంటూ వెనక్కి వస్తుంది. రొమ్ము పగిలిపోతోంది. చెవుల్లో హోరు. మెట్టు... ఇంకో మెట్టు... ఇంకోటి...

హా!

గాలి!

"గాస్పార్!" అని అరుస్తుంది. "కింద కొవ్వొత్తి ఆరిందిరా! ఊపిరి తియ్యకు! పైకి రా!"

వినపడే ఉంటుంది. తల ఇటు తిప్పాడు కూడా.

కానీ వైన్ పోతోంది.

వంగుతాడు. తలుపుకి భుజం ఆనించి తోస్తాడు. సగం మూసుకుంటుంది. ఇంకొంచెం... ఇంకొక్క తోపు... దానికి ఊపిరి కావాలి.

తీస్తాడు.

అలిసిపోయినవాడు కూలబడ్డట్టు మోకాళ్ల మీద కూర్చుంటాడు. చేతులు చక్రం మీదే ఉన్నాయి. నుదురు తలుపుకి ఆనుతుంది. మెల్లగా పక్కకి ఒరుగుతాడు.

"అన్నయ్యా!!"

బాస్టియన్ లేచాడు. ఇందాక లేవలేనివాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందో బలం!

ఒదీల్ వాడి నడుము పట్టుకుంటుంది. "పోవద్దురా! పోతే రావు!"

"ఒదులు! చచ్చిపోతాడు!"

"నిన్ను చంపబోయాడురా వాడు!"

"అయితే ఏం? మా అన్నయ్య!"

ఒక్క విదిలింపుకి ఆవిడ మెట్ల మీద పడుతుంది. విరిగిన చెయ్యి కింద నలుగుతుంది. 

పైకి పోయి మనుషుల్ని పిలవాలా? ఆ పాటల్లో ఎవరికి వినపడుతుంది? వాళ్లొచ్చేసరికి కింద ఇద్దరుంటారు.

చేతికి చల్లగా ఇనుము తగులుతుంది.

తుపాకీ!

మెట్టు అంచున ఆనిస్తుంది. చెంప ఆనిస్తుంది.

"బాస్టియన్! ఇంకో అడుగు వేశావంటే కాలు పేల్చేస్తా!"

వాడు వెనక్కి చూస్తాడు. ముఖమంతా ఎర్రటి తొక్కు, కన్నీళ్లు. "పేల్చుకో అక్కా."

కింద గాస్పార్ కాలు ఒకసారి కొట్టుకుంటుంది. ఆగుతుంది.

బాస్టియన్ ముందుకు తిరుగుతాడు.

ఇద్దరినీ మిగిల్చే దారి లేదు. వెతికింది... లేదు. కాలు పోయినా మనిషి మిగులుతాడు. జన్మలో తన మొహం చూడకపోవచ్చు. చూడకపోనీ!

కింది మెట్టు మీద వెయ్యడానికి వాడి పాదం లేస్తుంది.

ఒదీల్ గురి దించుతుంది. పిక్క... మడమ... పాదం...

ఢాం!