పైన నలభై లైన్లు

"వాన ఎట్లుండాదప్పా?"

"పక్కూర్లో పడింది."

కోడ్‌వర్డ్ సరిపోయింది. పెనుకొండ బస్టాండులో శెనక్కాయలమ్మే వేషంలో ఉన్న చీఫ్ రామాంజనేయులు పొట్లం అందించాడు. ఏజెంట్ కుళ్లాయప్ప కాగితం విప్పి చదివాడు.

హిందూపురంలో ఒక చిన్న కంపెనీ సరిహద్దు రాడార్లకు సోర్స్ కోడ్ రాస్తుంది. అది ముక్కలు ముక్కలుగా శత్రుదేశం చేరుతోంది. ఈ సాయంత్రం ఐదుకు ఆఖరి ముక్క సిద్ధమవుతుంది. అదీ పోతే మన రాడార్లకు చూపు పోయినట్టే.

"గేట్లో ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు లాక్కుంటారు. లోపల మన ఏజెంట్ కమలాక్షి ట్రైనర్‌గా ఉండాది. అందరూ మంచోళ్లే అని రిపోర్టిచ్చింది," అన్నాడు చీఫ్.

"అందరూనా?" అన్నాడు కుళ్లాయప్ప. అనుమానం అక్కడే మొదలైంది.

నాలుగున్నరకు ఏసీ మెకానిక్‌గా లోపలికెళ్లాడు. నిచ్చెనెక్కితే అందరి స్క్రీన్లూ కనబడతాయి. ఇంజినీర్ వీరేష్ కోడంతా కాపీ చేసి ఏదో ఏఐ టూల్‌లో అతికించాడు. వేలు ఎంటర్ మీదికి పోతోంది.

కుళ్లాయప్ప దిగి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఐడీ చూపించాడు.

"ఏమబ్బా, ఎవురికి పంపుతాండావు?"

వీరేష్ ముఖం పాలిపోయింది. "ఎవురికీ లేదన్నా! తప్పులు దిద్దమని అడుగుతాండా. మేనేజర్ని అడిగితే తిడతాడు. ఇది తిట్టదు."

"తిట్టదు. దాచిపెట్టుకుంటాది. నువ్వు అతికించిందంతా అవతలోడి మిషన్లోకి పోతాంది. దీన్ని వాడమని ఎవురు చెప్పినారు?"

"కమలాక్షి మేడమ్. ఐదుకు తానే వచ్చి చూస్తానన్యాది."

డబుల్ ఏజెంట్! పట్టుకోవాలంటే ఆమెను తన చేత్తోనే పంపనివ్వాలి. పంపితే దేశం మునుగుతుంది. ఇంకా పది నిమిషాలే.

"మీ నాయన ఏం చేస్తాడు?"

"పట్టుపురుగులు మేపుతాడన్నా."

"గూళ్లు మార్కెట్టుకు తెచ్చేటప్పుడు బుట్ట ఎట్ల సర్దుతాడు?"

వీరేష్ సిగ్గుపడ్డాడు. "మంచివి పైన. నాసివి అడుగున."

"కోడూ అట్లే సర్దు."

ఐదుకు నిమిషం తక్కువ. కుళ్లాయప్ప బల్ల వెనక నక్కాడు. సెంటు వాసన ముందొచ్చింది, కమలాక్షి తర్వాత. నల్ల కళ్లద్దాలు తీసి పై లైన్లు చదివింది. అసలైనవే. తానే ఎంటర్ నొక్కింది. ఆ చేతికే బేడీ పడింది.

ఆమె నవ్వింది. "లేటయ్యావ్ కుళ్లాయప్పా. కోడ్ వెళ్లిపోయింది."

"పైన నలభై లైన్లు పోయినాయిలే మేడమ్. అవి యాడైనా దొరుకుతాయి. అడుగునంతా ధర్మవరంలో వీళ్ల మామ మరమగ్గానికి ఈ పిల్లోడు రాసిచ్చిన ప్రోగ్రాం. మీవోళ్లు కూర్చోని చీరంచులు నేసుకోవచ్చు."

మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు. "నీ సీక్రెట్ రిపోర్టు బాగుండాదప్పా. ఇంగ్లీషే అంతా తప్పులు. ఢిల్లీకి అట్లే పంపలేక, ఫ్రీ ఏఐ ఒకటుంటే దాంట్లో పెట్టి దిద్దించినా."

కుళ్లాయప్ప ఫోన్ పెట్టేశాడు. ఇంకో జత బేడీలు సంచిలో వేసుకుని పెనుకొండ బస్సెక్కాడు.