మామగారు ఆపిన ప్రెస్సు

ఆ రేకుల షెడ్డులో, ఇనప రేకుల్ని నొక్కి వంచే యంత్రాల్లో, చివరి ప్రెస్సుకి మంచి పేరు లేదు. పగలు పులుల్లా తిరిగే మగాళ్ళు కూడా రాత్రి షిఫ్టులో ఆ మూలకి ఒంటరిగా పోరు. తోడుకి ఇంకొకణ్ణి లాక్కెళ్తారు... అడిగితే సిగరెట్టు కోసమంటారు.

ఇనపచెయ్యి అనే పెద్దాయన ఆ ప్రెస్సు పక్కనే గుండె ఆగి కూలిపోయాడు. ఆయన ఉద్యోగం కోడలికిచ్చారు, పని తగ్గితే ఇంటికి పంపేస్తామన్న షరతు మీద. మొగుడు మంచాన పడ్డాడు. ఇల్లు గడవాలంటే ఆ ఉద్యోగమే దిక్కు.

అప్పుడే కంపెనీ ఆ ప్రెస్సుకి ఒక కెమెరా కన్ను బిగించింది. రేకు మీదకి దిగే అచ్చు కింద చెయ్యి కనిపిస్తే యంత్రం దానంతటదే ఆగుతుందట. చేతులెక్కడ పెట్టుకోవాలో మాకు నేర్పుతుందా అని షెడ్డంతా నవ్వింది. దాన్ని మెచ్చుకున్నవాడికి 'మేనేజరు గారి అల్లుడు' అని పేరు పెట్టారు. ఆ బిరుదు కంటే వేళ్ళు పోవడమే నయమనుకునే రకాలు— కొందరికి నిజంగానే లేవు లెండి.

కోడలు రాత్రి షిఫ్టులో ఆ ప్రెస్సు మీదే పని మొదలెట్టింది. రేకు పెట్టడం, మీట నొక్కడం... రేకు పెట్టడం, మీట నొక్కడం... కళ్ళు బరువెక్కుతుండగా—

ప్రెస్సు ఆగింది.

అచ్చు గాల్లో వేలాడుతోంది. చుట్టూ ఎవరూ లేరు. మెడ మీద ఎవరిదో ఊపిరి తగిలినట్టయింది.

"మామయ్యా... తప్పుకోండి," అని గొణిగింది. చేతులు వెనక్కి తీసి దణ్ణం పెట్టింది. మీట నొక్కగానే ప్రెస్సు కదిలింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పని తగ్గింది, మేస్త్రి మొహం మాడింది.

కన్ను బిగించిన మెకానిక్కు వచ్చి, ఆగినప్పుడల్లా అది తీసిన ఫొటోలు చూపించాడు. అన్నిట్లోనూ అచ్చు కింద ఒక చెయ్యి.

"ఇది నీ చెయ్యేనక్కా," అన్నాడు మెల్లిగా. "నిద్రమత్తులో పెట్టేస్తున్నావు."

షెడ్డు ఒప్పుకుంటుందా? ఇనపచెయ్యి కోడలు పనిలో కునికితే అందరి పరువూ ఏం కాను? ఆయన బతికుంటే ఈ కన్నుని ఒక్కరోజు భరించేవాడు కాదు, అందుకే వచ్చి అడ్డుపడుతున్నాడని తీర్మానించారు.

ఫొటోలో మణికట్టు మీద కాలిన మచ్చ తనదేనని కోడలికి తెలుసు. కునికానంటే ఉద్యోగం ఉండదు.

"మామయ్యేనేమో బాబాయ్," అంది మేస్త్రితో, తలొంచుకుని.

మేస్త్రి కన్నుని ఊడబీకి, అది లేకుండానే యంత్రం నడిచేలా తీగలు కలిపేశాడు. పీడ వదిలిందని అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

నిజమే. ఆ రాత్రి ప్రెస్సు ఒక్కసారి కూడా ఆగలేదు...

కోడలు కేక పెట్టినప్పుడు కూడా.